తీర్మానం రాశాకే సంతకం: మా ఊరి ప్రణాళిక సభలో నా అనుభవం

సంతకం పెట్టమని మినిట్స్ పుస్తకం నా ముందుకు జరిపినప్పుడు, పేజీ పైన తేదీ, 'గ్రామసభ' అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. కింద మాత్రం అప్పటికే ఇరవై దాకా సంతకాలు, నాలుగైదు వేలిముద్రలు ఉన్నాయి. మధ్యలో అంతా ఖాళీ. పెన్ను చేతిలోకి తీసుకున్నాను కానీ చెయ్యి ఆడలేదు. "సార్, తీర్మానం రాయండి, రాసినాక పెడతా" అన్నాను. మా ఊళ్లో ఆడవాళ్లు సభలో లేచి మాట్లాడటం కొత్త కాదు, పొదుపు సంఘాలు వచ్చాక అందరికీ అలవాటైంది. సంతకం పెట్టను అనడం మాత్రం కొత్త. పంచాయతీ కార్యదర్శి నా మొహం చూసి, "అక్కా, అందరూ పనులకు పోవాలి కదా, సాయంత్రం రాసుకుంటాంలే" అన్నాడు. ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు. రెండు పంచాయతీలు ఒక్కడే చూసుకుంటున్నాడు, ఆ రోజు మధ్యాహ్నం ఇంకో ఊళ్లో ఇదే సభ పెట్టాలి. అయినా నేను పెట్టలేదు.

ఇది 2022 నవంబరులో. మాది అనంతపురం జిల్లా, నార్పల వైపు. ఊరి పేరు రాయడం లేదు, ఎవరినో బజారుకీడ్చాలని కాదు నేను రాసేది. ఊళ్లో పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్యలో నేను లెక్కల పుస్తకాలు రాస్తాను. సంఘాల పొదుపులు, సంఘాలకు వచ్చే బ్యాంకు లోన్లు, ఎవరి కంతు ఎంత కట్టారు, ఎవరిది పెండింగు, ఇదీ నా పని. దానితో పాటు ప్రతి ఏడాదీ ఇంకో పని ఉంటుంది. 'గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళిక' అని సంఘాల్లో కూర్చుని ఒక కాగితం తయారు చేయాలి. ఎవరికి పింఛను రావాలి, ఎవరికి ఉపాధి జాబ్ కార్డు లేదు, ఎవరు ఏ పని పెట్టుకోవాలనుకుంటున్నారు, ఏ వీధికి ఏం కావాలి అని. దాన్ని పంచాయతీకి ఇస్తే, పంచాయతీ తన అభివృద్ధి ప్రణాళికలో కలుపుకోవాలి. 2018 నుంచి దేశమంతా ఏటా కొన్ని నెలల పాటు ఈ ప్రణాళికల సభలు పెడుతున్నారు, వచ్చే ఏప్రిల్ నుంచి ఊళ్లో ఏ పనులు జరగాలో అందులోనే తేలాలి. ఈ గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికనే ఆఫీసుల్లో జీపీడీపీ అంటారు. మా కాగితం ఆ రోజు సభలో బల్ల మీదే ఉంది, ఎవరూ తెరవలేదు.

సభ పెట్టిన టైమ్ గురించి చెప్పాలి. పొద్దున 11 గంటలకు, గ్రామ సచివాలయం ముందు షామియానా వేసి. ముందు రోజు రాత్రి దండోరా వేశారు, అది నిజమే. కానీ నవంబరు అంటే మా దగ్గర చెనక్కాయ పీకే రోజులు. కూలికి పోయే ఆడవాళ్లు పొద్దున ఏడుకే ఆటో ఎక్కి పోతారు, ఒక్క రోజు కూలి పోగొట్టుకుని సభకు ఎవరు వస్తారు? వచ్చిన వాళ్లంతా పెద్ద వీధి మగవాళ్లు, పింఛను సంగతి అడగడానికి వచ్చిన ముసలివాళ్లు, ఆశా, అంగన్‌వాడీ వాళ్లు, మేము నలుగురం. కాలనీ నుంచి ఒక్కరు కూడా లేరు. చదివిన పనుల జాబితాలో మూడు సీసీ రోడ్లు, ఒక ఆర్చి. మూడు రోడ్లూ పెద్ద వీధి చుట్టుపక్కలే. సర్పంచమ్మ కుర్చీలో కూర్చునే ఉంది, మాట్లాడిందంతా వాళ్ల ఇంటాయన.

నా అదృష్టం ఏమంటే ఆ రోజు మండలం నుంచి ఒక ఆఫీసరు వచ్చారు. ఆయన పుస్తకం తీసుకుని చూసి, ఏమీ కోప్పడకుండా, "కాలనీ వాళ్లు ఎంతమంది వచ్చినారు?" అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. "అయితే ఇది మొదటి సభ అనుకుందాం. వీధి వీధికీ పోయి మాట్లాడి, డిసెంబరులో మళ్లీ పెట్టండి" అని చెప్పి వెళ్లిపోయారు. ఆ నాలుగు మాటలు ఆయన అనకపోతే నేను రాయడానికి ఇక్కడ ఏమీ ఉండేది కాదు. మా అందరి టెన్షన్ తగ్గింది కానీ, వీధుల్లోకి పోయి మాట్లాడే పని ఇప్పుడు మా నెత్తిన పడింది.

నాలుగు రాత్రులు తిరిగాం. నేను, సమాఖ్య అధ్యక్షురాలు, సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటు అబ్బాయి, ఒక వార్డు మెంబరు. ఏడున్నర తర్వాత, అన్నాలు తిని బయట కూర్చునే టైమ్ చూసుకుని. మొదటి రాత్రి రచ్చకట్ట దగ్గర కూర్చుని "మన ఊరికి ఏం కావాలో చెప్పండి" అని అడిగాం. రోడ్డు, లోను, పింఛను, ఇల్లు. అంతకు మించి ఒక్క మాట రాలేదు. ఎందుకంటే ఇన్నేళ్లుగా వచ్చిన వాళ్లంతా ఆ నాలుగే ఇస్తామన్నారు, జనం కూడా ఆ నాలుగే అడగాలని అనుకుంటారు. ఇంటికొచ్చి ఆలోచిస్తే అనిపించింది, సంఘంలో ఎవరైనా కంతు కట్టకపోతే మేము "ఏం కావాలి" అని అడగం, "ఈ నెల ఏం జరిగింది" అని అడుగుతాం, అప్పుడే అసలు సంగతి బయటికొస్తుంది. రెండో రాత్రి కాలనీకి పోయినప్పుడు ప్రశ్న మార్చాను. "నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పండుకునే దాకా ఏం చేసినారో చెప్పండి" అన్నాను.

ఒక్కొక్కరూ చెబుతుంటే నేను రాసుకుంటూ పోయాను. నాలుగున్నరకు లేచాను, కొళాయి కాడ పెట్టాను బిందె. ఐదుకు లేచాను, బిందె పెట్టాను. రాత్రే బిందెలు వరసలో పెట్టి పండుకున్నాను. పది మంది చెబితే ఎనిమిది మంది మొదటి మాట నీళ్లే. నీళ్ల కోసం పిల్లను స్కూలు మాన్పించిన రోజులు ఒకామె వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. ఇంజినీరింగ్ అసిస్టెంటు కాగితం చూసుకుని, "ఈ కాలనీకి రోడ్డు కూడా అడగొచ్చు కదా అవ్వా" అన్నాడు పక్కనున్న ముసలామెతో. ఆమె, "రోడ్డు ఏంటికి నాయనా, ఖాళీ బిందె పట్టుకుని నడిచేదానికా?" అంది. ఆ అబ్బాయి పెన్ను మూసేశాడు.

మరుసటి రోజు తెల్లవారుజామున నీళ్లు వదిలే టైమ్‌కి మేమే పోయాం. ట్యాంకు దగ్గర నుంచి పైపు ఎటు పోతుందో అటు నడిచాం. ఈ నడక ప్రణాళిక రాసేటప్పుడు చేయాలని ట్రైనింగులో చెబుతారు, ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ చూడాలని. సామాన్యంగా కాగితం మీదే అయిపోతుంది అది. ట్యాంకు పక్క వీధిలో మొదటి కొళాయి కింద బిందె పెట్టి ఫోనులో టైమ్ చూశాను, 40 సెకన్లు. పెద్ద వీధి మధ్యలో రెండు నిమిషాలు. అక్కడ మూడు నాలుగు ఇళ్లలో 'గుర్ర్' అని మోటారు చప్పుడు, కొళాయికి చిన్న మోటారు బిగించి మిద్దె మీద సింటెక్స్ ట్యాంకు నింపుకుంటున్నారు. కాలనీ చివరి కొళాయి దగ్గరికి వచ్చేసరికి నాకు కొళాయి కనబడలేదు.

ఎందుకంటే అది గుంతలో ఉంది. నీళ్లు పైకి ఎక్కవు కాబట్టి నేలను మోకాటి లోతు తవ్వి, పైపును అక్కడ కోసి, ఆ గుంతలో బిందె దించి పట్టుకుంటున్నారు. గుంత గోడలకు పాచి. పక్కనే మురుగు కాలువ, కాలువ కూడా కాదు, మట్టిలో చేసుకున్న చాలు, దాంట్లోంచి తడి గుంతలోకి ఊరుతోంది. ఒకమ్మాయి కిందికి దిగి, బిందె మూతికి చీర కొంగు మడిచి కట్టి, వంగి పట్టుకుని నిలబడింది. ఫోనులో 11 నిమిషాలు దాటాక బిందె నిండింది. నీళ్లు వదిలేది గంటన్నర. అంటే ఆ కొళాయికి ఎనిమిది బిందెలు, బిందెకు 15 లీటర్లు వేసుకున్నా 120 లీటర్లు. దాని మీద ఆరు ఇళ్లు, 26 మంది. మనిషికి ఐదు లీటర్లు కూడా రావు. ఇంటింటికీ కొళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జలజీవన్ మిషన్ కింద మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలని గోడ మీద రాసి ఉంటుంది మా సచివాలయంలోనే. మిగిలిన నీళ్లు వాళ్లు ఎవరి పొలం మోటారు కాడికో పోయి, కరెంటు ఉన్నప్పుడు, బతిమాలుకుని తెచ్చుకుంటున్నారు. నేను ఆ ఊళ్లోనే 14 ఏళ్లుగా కాపురం చేస్తున్నాను, ఆ కాలనీ సంఘాల పుస్తకాలు నేనే రాస్తాను, ఆ గుంత ఉందని నాకు తెలియదు. వాళ్లు మీటింగుకు మా వీధికి వస్తారు, నేను వాళ్ల చివరి ఇంటి దాకా ఎప్పుడూ పోలేదు. ఇది చాలా రోజులు బాధపెట్టింది నన్ను.

ఫోటోలు తీసి సర్పంచమ్మకు చూపించాం. ఆమె నాలుగో రాత్రి మీటింగుకు ఒక్కతే వచ్చింది. మా రాష్ట్రంలో పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవే, కానీ కుర్చీలో కూర్చున్న మనిషి మాట్లాడటానికి ఇలాంటి ఒక రోజు రావాలేమో. గుంతలో తొంగి చూసి, "నేనొచ్చిన కొత్తలో మా అమ్మగారింటి కాడ గూడా ఇట్లనే ఉండె" అంది. ఆ తర్వాత జరిగిన మాటలన్నీ ఆమెవే, వాళ్లాయన కాదు.

ఇక డబ్బు సంగతి. ఇది ముందే తెలిసి ఉంటే మొదటి సభలోనే సగం వాదన తప్పేది, అందుకే వివరంగా రాస్తున్నాను. పంచాయతీకి 15వ ఆర్థిక సంఘం సిఫారసుతో కేంద్రం నుంచి వచ్చే డబ్బు మన ఇష్టం వచ్చినట్టు ఖర్చుపెట్టే డబ్బు కాదు. 2021-22 నుంచి 2025-26 దాకా అందులో నూటికి 60 వంతు తాగునీళ్లకు, పారిశుధ్యానికే పెట్టాలి, చెరి సగం. మిగతా 40 వంతు ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకు మాత్రం పనికిరాదు. మొదటి జాబితాలో రోడ్లన్నీ ఈ డబ్బు మీదే రాశారు. ఇంజినీరింగ్ అసిస్టెంటు కూర్చుని చెప్పాడు, రోడ్డుకు దారి వేరే ఉంది, ఉపాధి హామీలో కూలి ఖర్చు 60 అయితే సామాను ఖర్చు 40 దాకా పెట్టుకోవచ్చు, ఆ సామాను కోటాలోంచి సీసీ రోడ్లు వేస్తారు అని. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మా నార్పల మండలం బండ్లపల్లిలోనే, అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చారు. మా ఊళ్లో ఆ రోజు సభకు నడిచిపోయిన వాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ పథకంలో కూలి పనులు ఎంత జరిగితే ఆ లెక్కనే సామాను డబ్బు కూడా వస్తుందని మాత్రం మాలో చాలామందికి అప్పుడే తెలిసింది. అంటే కాలనీ ఆడవాళ్లు కందకాలు తవ్వి చేసిన పనిదినాల మీద పెద్ద వీధికి రోడ్లు పడుతున్నాయి. ఈ మాట సభలో అన్నప్పుడు ఎవరూ గొడవపడలేదు, లెక్క లెక్కే కాబట్టి.

గొడవ వచ్చింది మోటార్ల దగ్గర. పెద్ద వీధి వాళ్లు ఇద్దరు మా ఇంటికొచ్చి, "మా కొళాయికి మేం మోటారు పెట్టుకుంటే నీకేం నొప్పి?" అని అడిగారు. ఒకాయన మా ఆయనకు వరసకు చిన్నాయన అవుతాడు. "చిన్నాయనా, మీ ఇంట్లో నీళ్లు ఆపమని కాదు, కాలనీకి వేరే లైను వేయమంటున్నాం, అంతదాకా ఆ గంటన్నరలో మోటారు వేయొద్దు" అన్నాను. రెండు వారాలు మాతో మాట్లాడలేదు. మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు కానీ పెళ్లిళ్లకు పిలుపులు తగ్గినప్పుడు ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

డిసెంబరులో రెండో సభ సాయంత్రం ఆరు గంటలకు, స్కూలు ఆవరణలో పెట్టాం. చెనక్కాయ పనులు అప్పటికి అయిపోయాయి. సర్పంచమ్మే దండోరా టైమ్ చెప్పింది, రెండు రోజులు ముందు, రెండు సార్లు. ఎంతమంది వచ్చారో తల లెక్క నేను వేయలేదు కానీ తెచ్చిన పట్టలు చాలక పిల్లలు గోడ మీద కూర్చున్నారు, ముందు వరసలన్నీ ఆడవాళ్లే. గుంత ఫోటో ఎవరో ఫోన్ నుంచి ఫోన్‌కి పంపించి సభకు ముందే ఊరంతా చూసేశారు.

సభలో ఐదు పనులు ముందుకొచ్చాయి. మొదటిది ట్యాంకు నుంచి కాలనీకి వేరే పైపులైను, దానికి సొంత గేట్ వాల్వు. రెండోది కాలనీ మురుగు కాలువ. మూడోది స్కూల్లో ఆడపిల్లల మరుగుదొడ్లకు నీళ్ల కనెక్షన్. నాలుగోది పెద్ద వీధి రోడ్డు ఒకటి, ఉపాధి నిధులకు మార్చి, మూడింటిలో ఎక్కువ గుంతలు పడింది ఏదో వాళ్లే తేల్చుకుని. ఐదోది కాలనీ వాళ్ల శ్మశానానికి దారి. సర్పంచమ్మ, "వచ్చే డబ్బులో కరెంటు బిల్లు పోగా మిగిలేది చూసి రాయండి, రాసి చేయకపోతే నన్ను అడిగేది మీరే" అంది, అందుకని రెండో పనిని రెండేళ్లకు విడగొట్టాం.

శ్మశానం దారి మాత్రం పనుల లెక్కలోకి ఎక్కలేదు. వానలొస్తే శవాన్ని భుజాల మీద పెట్టుకుని నడుము లోతు వంకలో దిగి పోతారు వాళ్లు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. వంక పక్కన దారి వేయాలంటే కొంత దూరం ఒకాయన పట్టా భూమిలోంచి పోవాలి. సర్వే చేసి తేల్చకుండా అంచనా వేయలేమన్నారు, పంచాయతీ చేతిలో లేని పని అన్నారు. న్యాయమే, కానీ కాలనీ పెద్దాయన లేచి, "బతికున్నప్పుడు నీళ్లు, సచ్చినాక దారి, రెండే అడిగినాం" అంటే సభ మొత్తం నిశ్శబ్దం అయిపోయింది. సర్వే కోసం తహసీల్దారుకు రాయాలని తీర్మానం మాత్రం రాయించాం.

తీర్మానం రాసేది అక్కడే, అందరి ముందే. కార్యదర్శి రాస్తుంటే మైకులో కాలనీకి చెందిన పదో తరగతి పాప ఒక్కొక్క వాక్యం పైకి చదివింది. "కాలనీ పైపులైను" అని రాస్తే వెనకనుంచి ఒకామె, "ఏ కాలనీ? పేరు రాయి, చివరి కొళాయి దాకా అని రాయి" అంది. రాశారు. అంతా చదివాక సంతకాలు. ఈసారి వరసలో మొదటి సంతకం నాదే పెట్టమన్నారు, నేను ఆ గుంతలో నిలబడిన అమ్మాయి చేత పెట్టించాను. పేజీకి ఫోటో తీసుకున్నాను.

పుస్తకంలో పడితే పని అయిపోయిందని అనుకోకండి. ప్రణాళిక ఇ-గ్రామ్ స్వరాజ్ అనే పోర్టల్‌లోకి ఎక్కాలి, 2020 ఏప్రిల్ 24న మొదలైంది అది. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ, ఏడాది ఎంచుకుంటే మన ఊరి పనుల జాబితా ఎవరైనా చూడొచ్చు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఫిబ్రవరిలో నా ఫోనులో చూస్తే పైపులైను పని ఉంది కానీ ప్లేసు దగ్గర పెద్ద వీధి పేరు పడింది. కావాలని చేశారో, పాత జాబితాలోంచి కాపీ అయ్యిందో నేను ఇప్పటికీ చెప్పలేను. పుస్తకం పేజీ ఫోటో పట్టుకుని సచివాలయానికి పోయాం ఏడుగురం. ఇంకా ఆఖరి ఆమోదం పడలేదు కాబట్టి డిజిటల్ అసిస్టెంటు మా ముందే మార్చాడు. ఆ ఫోటో లేకపోతే మా మాట, వాళ్ల మాట అయ్యేది.

పైపు పడింది 2023 ఎండాకాలంలో, అనుకున్నదానికంటే ఆలస్యంగా, మధ్యలో నెల రోజులు తవ్వి వదిలేసి. అయినా పడింది. నీళ్లు వదిలిన రోజు నేను మళ్లీ ఫోను పట్టుకుని చివరి కొళాయి దగ్గర నిలబడ్డాను, బిందెకు నిమిషంన్నర. ఆ వారమే వాళ్లు గుంతను మట్టితో పూడ్చి, దాని మీద బండ వేసి కొళాయిని నిలబెట్టుకున్నారు. పెద్ద వీధిలో మోటార్లు రెండు ఇళ్లలో తీసేశారు, చిన్నాయన ఇంట్లో ఇంకా ఉంది, ఇప్పుడు లైను వేరు కాబట్టి ఎవరూ అడగడం లేదు.

2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టినప్పుడు శ్మశానం దారి సంగతి మళ్లీ లేవదీశాం. ఈసారి ఉపాధి పనుల్లో పెట్టమని. సర్వే కాకుండా కుదరదని మళ్లీ అదే మాట. అర్జీ మళ్లీ ఇచ్చాం, ఇచ్చినట్టు రశీదు తీసుకున్నాం, దాని నంబరు మినిట్స్ పుస్తకంలో పాత తీర్మానం పక్కనే రాయించాను. సర్వేయరు ఇంకా రాలేదు.